సునీత సీటులో ఆఖరి ఆట

షికాగోలో ఆడే మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు మే నుంచి సెప్టెంబరు దాకా సీజన్. ఈ ఏడాది సొంత ఊళ్లో జరిగే ఆటలన్నిటికీ మా పక్క అపార్ట్‌మెంట్ సునీత రెండు సీట్లు కొనుక్కుంది. ఒకటి తనకు, రెండోది పదకొండేళ్ల మా నిత్యకు. సునీతకు పిల్లలు లేరు. నాది ఆసుపత్రి ల్యాబులో సాయంత్రం షిఫ్టు, శని ఆదివారాలు కూడా. అందుకని మొదట్లో సంతోషంగానే పంపాను. జూలై వచ్చేసరికి నిత్య అన్నం ముందు కూర్చున్నా "సునీత ఆంటీ ఏమందంటే" అనే మొదలుపెట్టేది. ఆఖరి ఆటనాడే వేరే ఊళ్లో తన తమ్ముడి గృహప్రవేశం పడి, సునీత టికెట్లు నా ఫోన్‌కు పంపింది. "నువ్వన్నా తీసుకెళ్లు. మిస్సయితే పిల్ల ఏడుస్తుంది" అంది. నా కూతురు దేనికి ఏడుస్తుందో ఆమె నాకు చెప్పడం నచ్చలేదు. డ్యూటీ మార్చుకుని బయలుదేరాను.

ఆట ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. మేముండే షామ్‌బర్గ్ నుంచి కారులో వెళ్లొచ్చు గానీ స్టేడియం దగ్గర పార్కింగ్ ఖరీదు, రైలే మేలు. శని, ఆదివారాల్లో రోజంతా తిరిగే టికెట్ ఏడు డాలర్లు, పెద్దవాళ్లతో వస్తే నిత్య వయసు పిల్లలకు ఉచితం. ఆదివారం రైళ్లు తక్కువ కాబట్టి పన్నెండు లోపే ఎక్కాం. రెండంతస్తుల రైలు పెట్టె, దాదాపు ఖాళీయే. నేను కింద కూర్చోబోతే నిత్య మెట్లెక్కేసింది. "ఆంటీ ఎప్పుడూ పైనే కూర్చుంటుంది అమ్మా." పైన సీట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దారంతా గంటసేపు దాని జడ చూస్తూ కూర్చున్నాను. అది పొద్దున నేనే వేసిన జడ. దాని కింద ఆటగత్తె అంకె ఉన్న చొక్కా మాత్రం సునీత కొనిపెట్టింది.

యూనియన్ స్టేషన్ నుంచి టాక్సీకి పదిహేను డాలర్ల లోపే అయింది. డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి. మా మాటలు విని అద్దంలో చూశాడు.

"ఆట చూడనీకి పోతున్నరా అక్కా? గెలుస్తరా మనోళ్లు?"

"ఓడిపోతారు అంకుల్" అంది నిత్య. "ఈ ఇయర్ చాలా ఓడిపోయారు."

"మరెందుకు పోతున్రు బిడ్డా?"

"లాస్ట్ గేమ్ కదా. బై చెప్పాలి."

ఆయన నవ్వి, "మంచిగ నేర్పిన్రు అక్కా" అన్నాడు. నేర్పింది నేను కాదు.

గేటు దగ్గర నా చేతిసంచి ఆపారు. అరచేతిని మించిన సంచి రానివ్వరట, బయటి తిండి అసలే కుదరదట. సంచిలో స్టీలు డబ్బా, అందులో నిమ్మకాయ పులిహోర. "ఇంట్లో మూత పెట్టేటప్పుడే చెప్పొచ్చుగా" అన్నాను. "నువ్వు అడగలేదు. ఆంటీ ఎప్పుడూ ఫోనొక్కటే తెస్తుంది" అంది నిత్య. గోడవారన నిలబడి సగం తిన్నాం, సగం చెత్తకుండీలో పారేశాను. ఖాళీ డబ్బా, సంచి దగ్గరి దుకాణంలో ఎనిమిది డాలర్లిచ్చి దాచాను.

మా సీట్లు పన్నెండో వరుసలో. పక్క సీటు డోరిస్ అనే నల్లజాతి పెద్దావిడది. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైంది. నిత్యను చూడగానే రెండు చేతులూ చాచింది.

"వచ్చావా బేబీ. మీ అమ్మ ఏది ఇవాళ?"

నిత్య నావైపు చూసింది, తర్వాత నేలవైపు. నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. సీజన్ అంతా ఈ వరుసకు సునీతే నిత్య తల్లి. నేను తల్లినంటే పిల్ల అబద్ధాలకోరవుతుంది.

"వాళ్లమ్మ ఊళ్లో లేదు. నేను ఆంటీని" అన్నాను.

"అయ్యో, ఆఖరి ఆటకే లేదా" అని డోరిస్ నిజంగానే బాధపడింది.

ఆట బాగుందో లేదో నేను చెప్పలేను. మనవాళ్లు మొదటి నుంచీ వెనకే ఉన్నారు. నిత్య, డోరిస్ ఒకేసారి లేచారు, ఒకేసారి కూలబడ్డారు. డోరిస్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. మే నుంచి ప్రతి ఆటా అందులో రాసింది, ఎవరు ఎన్ని పాయింట్లు వేశారో, పక్కన ఒక ముక్క వ్యాఖ్య. విరామంలో చూడమని నా చేతికిచ్చింది. జూన్‌లో ఒక ఆట పక్కన ఇలా ఉంది: "బేబీకి జ్వరం. వాళ్లమ్మ ఒక్కతే వచ్చింది." ఆ సాయంత్రం సెలవు పెట్టి నిత్య నుదుట తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నది నేను. పుస్తకం మూసి ఇచ్చేశాను.

తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడారు. ఆటగత్తెలు కోర్టు మధ్యకొచ్చి చేతులూపారు, జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. నిత్య కళ్లు తుడుచుకుంది. సునీత చెప్పింది నిజమే. వెళ్లబోతుంటే డోరిస్ కోటు జేబులోంచి రెండు మఫ్లర్లు తీసింది. రెండూ జట్టు రంగుల్లో తనే అల్లింది. చిన్నది నిత్య మెడకు చుట్టి, పెద్దది నా చేతిలో పెట్టింది.

"ఇది వాళ్లమ్మకు. మరిచిపోకుండా ఇస్తావుగా?"

"ఇస్తాను" అన్నాను.

తిరుగు రైల్లో నిత్య పైకి ఎక్కలేదు, కిందే నా పక్కన కూర్చుంది. చాలా స్టేషన్లు పోయాక అడిగింది.

"ఎందుకమ్మా ఆంటీనని చెప్పావు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"ఫస్ట్ గేమ్‌లో డోరిసే ఆంటీని మా అమ్మ అనుకుంది. ఆంటీ కూడా ఏమీ అనలేదు. తర్వాత చెప్తే బాగోదని..." నా ఒళ్లోని మఫ్లరు చూపిస్తూ, "అది ఎవరికిస్తావు?" అంది.

"అమ్మకని కదా ఇచ్చింది" అన్నాను.

సునీత తిరిగొచ్చి పది రోజులైంది. వచ్చిన రోజే ఆట ఎలా జరిగిందని అడిగింది, చెప్పాను. డోరిస్ బాగుందా అంది, బాగుందన్నాను. మఫ్లరు మా అల్మారాలోనే ఉంది. ఒకసారి అద్దం ముందు మెడకు చుట్టుకుని చూశాను. ఊలు మంచిది, అల్లిక బిగువుగా ఉంది. నా మెడలో ఉన్నంతసేపూ అది సునీత కొలతకు అల్లినదనే అనిపించింది. సునీత నా దగ్గర ఏమీ దొంగిలించలేదని నాకు తెలుసు. నేను లేని చోట కూర్చుంది, అంతే. వచ్చే సీజన్‌కు ఆదివారాలు షిఫ్టు వద్దని ల్యాబులో రాసిచ్చాను, టికెట్లవాళ్లను ఆ వరుసలోనే మూడో సీటు అడిగాను. వెనక వరుసలోనే ఉందన్నారు, అదే తీసుకున్నాను. మఫ్లరు మే నెలలో వెంట తీసుకెళ్తాను, ఎవరికివ్వాలో డోరిస్‌నే అడుగుతాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకే మాట. పక్క సీట్లవాళ్లు సీజన్ అంతా మీ పక్కనే ఉంటారు. వెంట తెచ్చిన పిల్లకు మీరేమవుతారో మొదటిరోజే చెప్పేయండి.