అబద్ధాన్ని వెనక్కి తీసుకున్న పెద్దమ్మ

గద్వాలలో మా పక్కింటి పెద్దమ్మ పోయిందని మొన్న బడిలో ఉండగా ఫోన్ వచ్చింది. పిల్లలకు లెక్కలిచ్చి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆమె నాకు చుట్టం కాదు, నన్ను నిలబెట్టిన మనిషి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు క్యాన్సర్ వచ్చింది. నాన్న ఆమెను హైదరాబాదు తీసుకెళ్తూ నన్ను పెద్దమ్మ దగ్గర వదిలాడు. "రాజోలికి పెండ్లికి పోయిన్రు బిడ్డా" అంది పెద్దమ్మ. వీధంతా అదే మాట. ముందురోజే కొత్త లంగా కోసం అమ్మతో పోట్లాడాను. దానికే అలిగి పోయిందనుకుని అన్నం మానేశాను.

పెద్దమ్మ మగ్గం మీద కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతోంది. పాత పోగుల కొసలకు కొత్తవి ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. పక్కన కూర్చుని అడిగాను. "నేను సతాయించినందుకే అమ్మ పోయిందా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"అబద్ధం చెప్పిన బిడ్డా, తప్పు నాదే. మీ అమ్మకు పెద్ద రోగం. దవాఖానల ఉంది. నీ వల్ల రాలే."

"బతుకుతదా?"

"తెల్వదు. తెలిసిన్నాడు ముందుగాల నీకే చెప్త."

ఆ పూట రెండు జొన్నరొట్టెలు తిన్నాను.

పసిపిల్లకు అట్లా చెప్తారా అని వీధివాళ్లు గొడవకొస్తే, "పోగు తెగిన కాడ్నే పట్టి అతకాలె. దాస్తే చీరంత పోతది" అని కసిరింది. రోజూ సాయంత్రం నా వేళ్లకు బూడిద రాసి, "ఇయ్యాల ఏం భయమైంది?" అని అడిగేది. భయపడకు అని ఏనాడూ అనలేదు. నేను అతికినవి సగం ఊడేవి. తిట్టుకుంటూ సరిచేసి, మర్నాడు మళ్లీ నన్నే పిలిచేది.

అమ్మ దక్కలేదు. ఆ మాట ముందు నాకే చెప్పింది. దుఃఖం మిగిలింది గానీ, నా వల్లే అన్న బరువు మిగల్లేదు.

నేను పనిచేసే ఉప్పునుంతల బడిలో నా తరగతి పిల్ల ఒకతె ఈమధ్య నోరు విప్పడం లేదు. తండ్రికి డయాలసిస్ జరుగుతోంది. విత్తనాలు కొనడానికి పోతున్నాడని ఇంట్లో దానికి చెబుతున్నారు. వాళ్లమ్మతో మాట్లాడాలని అనుకుంటూనే రెండు వారాలుగా వాయిదా వేస్తూ వచ్చాను.

మూడోనాడు గద్వాల వెళ్తే, మగ్గం మీద పడుగు సగమే అతికి ఉంది. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. అందులో వేళ్లు ముంచాను. అక్కడి నుంచి నేరుగా ఆ పిల్ల ఇంటికే వెళ్లాను.

"ఎట్ల చెప్పాలె మేడం?" అంది తల్లి.

"మీరు చెప్పండి. నేను పక్కనే కూర్చుంటాను."

చెప్పింది. పిల్ల నా వైపు తిరిగింది.

"అయితే నేను సైకిల్ అడిగినందుకు కాదా?"

కాదని చెప్పి దాని చేయి పట్టుకున్నాను. నా గోళ్ల సందుల్లో బూడిద ఇంకా పోలేదు.