బోరుబండి దొర పండుగ పొగాకు

పండుగ పూట అడిగిన మనిషికి చిటికెడు పొగాకు పెట్టకపోవడం తప్పు. బాన్సువాడ పక్క తండాలో బోరు వేయించిన స్వీడన్ దొర, తన బోరుబండి మీద పనిచేసే నాకే ఆ తప్పు చేశాడు.

మా దిక్కు తంబాకు అడిగితే పగవాడు కూడా లేదనడు. దొరకు ఏటా క్రిస్మస్‌కు ఇంటి నుంచి తడి పొగాకు డబ్బా వచ్చేది. చిటికెడు తీసి, వేళ్లతో ఉండ చేసి, పైపెదవి కింద పెట్టుకొని హాయిగా కళ్లు మూసుకునేవాడు. ఆ కరువు ఏడు మాత్రం మూతే తీయలేదు. రెండు చోట్ల తవ్వినా దుమ్మే వచ్చింది మరి.

“ఏంది దొరా, చిటికెడు పెట్టనీకి చెయ్యి రాదా?” అన్నాను. దొర డబ్బా జేబులో వేసుకొని బండి దిక్కు నడిచాడు.

క్రిస్మస్ పోయిన నాలుగో నాడు మూడో బోరులో నీళ్లు ఎగజిమ్మాయి. దొర తడి చేతులతోనే డబ్బా తెరిచి ముందు నాకు చాపాడు. వచ్చీరాని తెలుగులో అన్నాడు: “మీకు నీళ్లు లేవు, నేనొక్కన్ని పండుగ ఎట్ల చేస్త అన్నా? ఇయ్యాల క్రిస్మస్. తీసుకో.”