సోమవారం ఒక్కపొద్దు

యుద్ధం నడిచినన్నాళ్లూ, అది ఆగాక కూడా చాలాకాలం, ప్రధాని పిలుపు మీద మా యూనివర్సిటీ హాస్టల్లో సోమవారం రాత్రి పొయ్యి వెలిగేది కాదు. ఆ పూట మిగిలిన బియ్యం, పప్పు అమ్మి, వచ్చిన పైసలు జవాన్ల ఫండుకు పంపాలని మా తీర్మానం. గదిగదికీ తిరిగి అందరినీ ఒప్పించింది నేనూ, మెస్ సెక్రటరీగా ఉన్న నా జిగ్రీ దోస్తూ. ఊళ్లో మా అమ్మ మాత్రం నేను శివుడికి ఒక్కపొద్దు ఉంటున్నాననుకుని మురిసిపోయింది.

డబ్బున్నవాళ్లు తార్నాక చౌరస్తాకు పోయి సమోసాలు తిని వచ్చేవాళ్లు. నా జేబులో ఏముంది? ఇన్ని నీళ్లు తాగి ముడుచుకుని పడుకునేవాణ్ణి. ఎవడైనా ఆకలని సణిగితే మాత్రం మీద పడి కరిచేవాణ్ణి. మా అన్న సరిహద్దులో ఉన్నాడు మరి. నేను వదిలిన ముద్ద తిరిగి తిరిగి అన్న పళ్లెంలోనే పడుతుందని నా పిచ్చి నమ్మకం. ఆ సంగతి గొప్పగా ఆయనకు ఉత్తరం కూడా రాశాను.

హాస్టల్ డే వచ్చింది. బిర్యానీ, డబల్ కా మీఠా, దావత్ అదిరిపోయింది. ఇంత ఘనంగా ఎన్నడూ జరగలేదని మా సెక్రటరీని భుజాల మీద ఎత్తుకుని తిప్పాం.

కొద్దిరోజులకే అన్న సెలవు మీద వస్తూ, సికింద్రాబాద్‌లో బండి దిగి నేరుగా హాస్టల్‌కు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నేను దోస్తును పిలుచుకొచ్చాను.

"మన పైసలు ఎప్పుడు పంపినమో అన్నకు చెప్పురా," అన్నాను.

వాడు నవ్వాడు. "ఏడ పంపుడు? గా దావత్ దేంతోని చేసిననుకున్నవ్? నారాజ్ గాకు. నువ్వు గూడ మళ్ల మళ్ల పెట్టించుకుంటివి గద!"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అట్లా అయింది నా పని. వాడి చొక్కా గల్లా పట్టుకున్నాను. పరాయివాడు చేస్తే ఇంత మండేది కాదు. వీడు పక్క మంచం మీద పడుకుని నా ఆకలి చూసినవాడు. అన్ని సోమవారాలు నా కడుపు మాడ్చి, చివరికి మా అన్న నోటి ముద్ద నాతోనే మింగించాడు.

అన్న మమ్మల్ని విడదీసి వాడిని పంపించేశాడు. వచ్చి మంచం మీద నా పక్కన కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు.

"పోనీ తియ్ తమ్మీ," అన్నాడు. "బిర్యానీయన్నా మంచిగుండెనా?"

చాలా బాగుండింది. ఆ మాట చెప్పలేక ఏడ్చాను.