పత్తిచేలో ఇద్దరు తల్లులు

ఈ ఏడు కోత పండుగ నాటకం ఆపేద్దామని మా సంఘం యువజన కార్యదర్శి అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. బళ్ళారి కంటోన్మెంటులో పాత మిషన్ వాళ్ళు కట్టిన చర్చి మాది. ఆ పండుగకు ఎవరి పంటలో కొంత వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. భోజనాలయ్యాక స్త్రీల సమాజం నాటకం ఆడుతుంది. మా అవ్వ కాలం నుంచీ ఒకటే నాటకం.

ఇద్దరు ఆడవాళ్ళు, ఒక్క పసిబిడ్డ, నాదంటే నాదని తగాదా. బైబిలు వాక్యంలో అయితే అది రాజు ముందుకు పోతుంది. మా అవ్వా ఆమె తోటివాళ్ళూ పత్తి విడిపించే కూలీలు, రాజును వాళ్ళెక్కడ చూశారు? అందుకని రాజును ఊరిపెద్ద గౌడను చేశారు, రాజు కత్తిని కొడవలి చేశారు, తల్లులిద్దరినీ పత్తిచేలో దించారు. బిడ్డను చెరిసగం చేస్తానని గౌడ కొడవలి ఎత్తుతాడు. బతికితే చాలు, దానికే ఇచ్చేయండని కన్నతల్లి అతని కాళ్ళ మీద పడుతుంది. అబద్ధమాడే తల్లి వేషం మా అవ్వది, ఆమె తర్వాత అమ్మది. "కొయ్యండి!" అని అమ్మ అరిస్తే ముందు వరసలో పిల్లలు జడుసుకునేవాళ్ళు.

కార్యదర్శి ఇంటికే వచ్చి అమ్మకు చెప్పాడు. "పెద్దమ్మా, టీవీలో సీరియల్ వస్తాండాది, అచ్చం ఇదే కథ. ఆసుపత్రిలో ఒక బిడ్డ కోసరం ఇద్దరు కొట్లాడతారు. మనం కాపీ కొట్టినామని జనం నగుతారు."

"ఎవరప్పా కాపీ కొట్టింది?" అన్నాను నేను. "ఆ సీరియల్ తీసినోళ్ళు పుట్టకముందు నుంచీ ఆడతాండారు మావాళ్ళు. సండే స్కూల్లో నువ్వు చదివిందే కదా ఇది!"

"అది రాజు కథ కదక్కా. ఇది కూలోళ్ళ కథ."

ఎగతాళికి కాదు, నిజంగా నమ్మే అన్నాడు. ప్రతి ఆదివారం వాక్యం వినే మనిషి! కిరీటం తీసేసేసరికి కథను ఆనవాలు పట్టలేకపోయాడు.

పాత కథను కొత్తవాళ్ళు తీసుకోవడం తప్పని నేననను. మా అవ్వ చేసిందీ అదే. కానీ మొన్న బస్టాండులో కొన్న నవలలోనూ ఇద్దరు తల్లులే, ఒక బిడ్డే. వెనక అట్ట మీద మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పని కథ అని అచ్చేశారు. సిగ్గుండాలి! పెద్దల సొత్తు వాడుకున్నవాళ్ళు సొంతదారులయ్యారు, ఇన్నేళ్ళూ దాన్ని కాపాడినవాళ్ళు దొంగలయ్యారు. ఆ పుస్తకాన్ని సగంలోనే విసిరికొట్టాను.

నా గొంతు పెరిగేసరికి కార్యదర్శి కాస్త తగ్గాడు. "సరే, సీరియల్ చూసి చేసిందని మైకులో ముందే చెప్పేస్తా. అట్లయితే ఆడొచ్చు."

నేను గొడవకు లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పుకోనీలేమ్మా. ఎవరి పేరన్నా పెట్టుకోనీ, ఆట ఆగిపోగూడదు."

పండుగనాడు మైకులో సీరియల్ పేరు వినగానే చప్పట్లు మోగాయి. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. అమ్మ ఎప్పటిలాగే అరిచింది, పిల్లలు ఎప్పటిలాగే జడుసుకున్నారు. నాటకం అయ్యాక సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒక కోడలు పిల్ల అమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"భలే చేసినావత్తా! టీవీలో ఆయమ్మ మాదిరే చేసినావు."

అమ్మ ఆ సీరియల్ ఒక్కరోజు కూడా చూడలేదు.

"ఔనమ్మా, ఆయమ్మను చూసే నేర్చుకున్నా," అంది నవ్వుతూ. "నాకు గొంతు లేస్తా లేదు. వచ్చే ఏడు ఈ వేషం నువ్వేస్తావా?"

ఆ పిల్ల సరేనంది. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.