ఊపిరి బిగబట్టలేకపోయిన శనివారం: క్రాన్‌బర్న్ నుంచి కొండమీది ధ్యానకేంద్రానికి

మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో నా రూమ్మేట్ ప్రవీణ్ సముద్రంలో మునిగి చనిపోయాడు. ఈతకి హద్దులు చూపే జెండాలు, లైఫ్‌గార్డులు లేని చోట ఇద్దరం నీళ్లలోకి దిగాం. ప్రవాహం లోపలికి లాగుతుంటే వాడు నన్ను పేరు పెట్టి పిలిచాడు. నడుం లోతులో ఉన్న నేను ఒడ్డుకి పరిగెత్తాను. నాకు ఈత రాదు, వెళ్తే ఇద్దరం పోయేవాళ్లం. అది తెలిసినా, పరిగెత్తిన కాళ్లు నావేగా. అందరితో మాత్రం నేను కారు దగ్గర ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పాను. తెనాలి నుంచి వాళ్లక్క సునీత ప్రతి వారం ఫోన్ చేసి వాడి ఆఖరి మాటలేమిటని అడిగేది. ఐదు నెలలు అదే అబద్ధం చెప్పి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాను. యోగా, ధ్యానంతో మనోధైర్యం పెంచే ఒకరోజు శిక్షణ అని యూనివర్సిటీలో కాగితం కనిపిస్తే పేరు రాయించుకున్నాను.

ఈ దేశంలో జూలై అంటే చలికాలం, ఆ చలిలో ఉదయం ఆరున్నరకి క్రాన్‌బర్న్‌లో రైలెక్కి, రిచ్‌మండ్‌లో మారి, తొమ్మిది దాటాక బెల్‌గ్రేవ్‌లో దిగాను. వారాంతం కాబట్టి రానూపోనూ టికెట్ ఏడు డాలర్లలో అయిపోయింది. అక్కడి నుంచి ధ్యానకేంద్రానికి బస్సు లేదు, టాక్సీకి పాతిక. డ్రైవర్ పంజాబీ పెద్దాయన. "ఒక్కడివే వెళ్తున్నావా బేటా?" అన్నాడు. అవునన్నాను. దారంతా మంచే, చెట్ల మొదళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

పదింటికి ఆసనాలు మొదలయ్యాయి. గంటసేపు బాగానే చేశాను. తర్వాత ప్రాణాయామం. టీచర్ ఊపిరి పీల్చి బిగబట్టమంది. ఐదు అంకెలు లెక్కపెట్టేలోపే చెవుల్లో నీళ్ల హోరు, ప్రవీణ్ గొంతు. చాప వదిలేసి బయటికి పరిగెత్తి, వంటగది మెట్ల మీద కూలబడ్డాను.

శనివారాలు అక్కడ వంట చేసే రూత్ ఆంటీది నరసాపురం. నా ఇంగ్లీషులో తెలుగు యాస పట్టేసి టీ ఇచ్చింది. ఎందుకో ఆవిడకి అంతా చెప్పేశాను, కారు దగ్గర లేనన్న సంగతితో సహా.

ఆవిడ క్యారెట్ తరగడం ఆపలేదు. "మరి ఆ అమ్మాయికి ఎప్పుడు చెప్తావు?"

"ధైర్యం వచ్చాక ఆంటీ."

"ఇక్కడికి పదేళ్లుగా వస్తున్నాను నాన్నా. ధైర్యం వచ్చాక చేసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. భయపడుతూనే ఫోన్ చెయ్యి. సిగ్నల్ గేటు దగ్గరే వస్తుంది."

భోజనాల వేళ గేటు దాకా నడిచాను. తెనాలిలో ఉదయం తొమ్మిది. సునీతక్క మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా, నేను చూశాను. నీళ్లలోనే ఉన్నాను. 'కిరణూ, రారా' అన్నాడు. నేను ఒడ్డుకి పరిగెత్తాను."

సునీతక్క మెల్లగా అంది, "ఎవరూ చూడకుండా పోయాడని ఇన్నాళ్లూ ఏడ్చాను కిరణ్. పక్కన నువ్వున్నావన్న మాట. అదైనా చెప్పలేకపోయావా?" "నాకింక ఫోన్ చెయ్యకు" అని పెట్టేసింది.

మధ్యాహ్నం మళ్లీ హాల్లోకి వెళ్లాను. టీచర్‌కి విషయం చెబితే, బిగబట్టొద్దని, వదిలే ఊపిరిని మాత్రం గమనించమంది. ఐదింటి దాకా అలాగే కూర్చున్నాను. మనశ్శాంతి వచ్చిందని రాస్తే అది ఇంకో అబద్ధం. సునీతక్క ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ ఆవిడకి లేదు. ధ్యానం నా భయాన్ని తీసేయలేదు. పారిపోవాలనిపించినప్పుడు కాసేపు కూర్చోవడం మాత్రమే నేర్పింది. ఆ కాసేపట్లో నిజం చెప్పే వీలుంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. నీళ్లలోనో, ఊపిరాడకో మీవాళ్లెవరైనా పోయి ఉంటే, ప్రాణాయామం మొదలవకముందే టీచర్‌కి చెప్పండి. ఊపిరి బిగబట్టకుండా చేసే పద్ధతి వాళ్ల దగ్గర ఉంటుంది.