పై ఫ్లాటావిడతో జపాన్ రాక్ తగువు

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో, సాయంత్రమయ్యేసరికి పై ఫ్లాట్ నుంచి దబదబమని చప్పుడు మొదలయ్యేది. కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒక శనివారం చెప్పి వద్దామని మెట్లెక్కాను. మా పదిహేనేళ్ల అమ్మాయి కూడా వెంట వచ్చింది. అది గదిలోంచి బయటికి రావడమే నాకు ఆశ్చర్యం. ఏడాది కిందట కర్ణాటక సంగీతం క్లాసు మానేశాక ఇంట్లో కూనిరాగం కూడా తీయడం లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జపాన్ పాటలు వింటూ కూర్చునేది.

తలుపు తీసినావిడకు యాభై ఏళ్లుంటాయి. కార్ల డిజైన్ పని మీద జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరు. చప్పుడు ఆవిడ ఎలక్ట్రానిక్ డ్రమ్స్ పెడల్‌ది. నేను నోరు తెరిచేలోపే తల వంచి క్షమాపణ చెప్పి, లోపలికి రమ్మన్నారు.

డ్రమ్స్ చూడగానే మా అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "మీరు జె-రాక్ వాయిస్తారా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. జపాన్ రాక్ సంగీతాన్ని అది అలాగే అంటుంది.

ఆవిడ నవ్వారు. "మా ఊళ్లో దాన్ని రాక్ అనే అంటాం. 'జె' విమానం దిగాక అంటుకుంది. మాలో హెవీ మెటల్ వాయించేవాళ్లున్నారు, పంక్ రాక్ వాయించేవాళ్లున్నారు. అందరినీ కలిపి ఒకే జానర్ అంటే ఎలా?"

"కానీ మాటలు లేకపోయినా నేను గుర్తుపట్టేస్తాను" అని మా అమ్మాయి పట్టుబట్టింది.

అయితే చూద్దామని ఆవిడ ఫోన్‌లో వరసగా వాయిద్య సంగీతం పెట్టారు. ఏది జపాన్‌దో అమ్మాయి చాలావరకు సరిగ్గానే చెప్పింది. ఒక అమెరికన్ బ్యాండ్‌ని మాత్రం జపాన్‌దనుకుంది. "చూశావా!" అని ఆవిడ, "మిగతావన్నీ కరెక్టే కదా!" అని ఇది. ఇద్దరూ గెలిచినట్టే మాట్లాడుతున్నారు.

చివరికి నన్నడిగారు. నాకు తోచింది చెప్పాను. మా సినిమా పాటల్లో జానపదం ఉంటుంది, డిస్కో ఉంటుంది, గజల్ ఉంటుంది. అయినా రెండు లైన్లు వింటే మనదని తెలిసిపోతుంది. దాన్ని జానర్ అనాలో, శైలి అనాలో నాకూ తెలియదు.

"నో అమ్మా, ఒట్టి శైలి కాదు. జపాన్ పాటల్లో ట్యూన్ పల్లవికి ముందు ఇలా ఎక్కుతది, విను" అంటూ మా అమ్మాయి పాడి చూపించింది. గొంతు మొదట బొంగురుగా పలికింది, తర్వాత తేటపడింది. ఏడాది తర్వాత మళ్లీ దాని పాట వింటున్నాను. వాదన సంగతి నాకిక పట్టలేదు. ఆవిడ మాత్రం డ్రమ్స్ కర్రలు తీసుకుని మెల్లగా తాళం అందుకున్నారు.

ఆ తర్వాత పెడల్ కింద మందపాటి చాప వేశాం. శనివారాలు ప్రాక్టీస్ రోజులయ్యాయి. మా అమ్మాయి సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌లో సొంత పాట కట్టింది. వేసవిలో లైబ్రరీ లాన్ మీద జరిగిన సంగీత కార్యక్రమంలో ఆవిడ వాయిస్తే మా అమ్మాయి పాడింది. స్టేజి దగ్గరతను "మీది ఏ రకం మ్యూజిక్?" అని మైకులో అడిగితే, "రాక్" అని ఆవిడ, "జపనీస్ రాక్" అని మా అమ్మాయి ఒకేసారి అన్నారు. లాన్ మీద అందరూ నవ్వారు.

తగువు ఇప్పటికీ తేలలేదు. బేస్ గిటార్ వాయించే క్లాస్‌మేట్ ఒకమ్మాయి వచ్చే శనివారం నుంచి చేరుతోంది. తను ఎవరి పక్షమో ఇంకా చెప్పలేదు.