మేకపిల్ల పుస్తకం రాసిన టీచరమ్మ

ప్రభువు ఇచ్చిన తలాంతును, అంటే నేర్పును, పూడ్చిపెట్టని మనిషి, కోడుమూరులో మా సంఘానికి వచ్చే టీచరమ్మ. ఆమె పిల్లల పుస్తకాలు రాసేది. ప్రతి కథనూ తరగతిలో అందరికన్నా వెనకబడిన పిల్లచేత చదివించి, ఆ పిల్ల ఆగిన చోటల్లా వాక్యం మార్చేది. "తప్పు నాదే పాపా, నీది కాదు" అనేది.

ఆదివారం చర్చిలో మా అమ్మ బైబిలు తెరిచి కీర్తన చదివితే ఒక్క మాట తప్పేది కాదు. నిజానికి అమ్మకు అక్షరం రాదు. కీర్తనలన్నీ కంఠతా వచ్చు. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఆమెకు భయం. పక్కన కూర్చునే టీచరమ్మ కనిపెట్టింది, కానీ ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నీ మేకపిల్ల తప్పిపోయి దొరికిన సంగతి చెప్పు. రాసుకుంటా."

"నా మేక కథ ఎవురికి గావల్లమ్మా? నవ్వుతారు."

"పిల్లోళ్ల పుస్తకానికి నవ్వే కదక్కా కావాల్సింది!"

పుస్తకం అచ్చయి వచ్చింది. అందులో ఉన్నవి తన మాటలే కాబట్టి, అమ్మ వాటి కింద వేలు పెట్టి అక్షరాలు పోల్చుకోసాగింది. ఏడాది పొడుగునా టీచరమ్మ బడి వదలగానే వచ్చి నేర్పింది.

ఒక ఆదివారం అమ్మ కీర్తనలు వదిలేసి, ఎవరూ కంఠతా పట్టని వంశావళి తెరిచింది. ఆ పేర్ల దగ్గర మూడుసార్లు తడబడింది.

"అక్కకు కండ్లు మసకేసినాయేమో" అని వెనక ఎవరో గొణిగారు.

టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దేవునికి స్తోత్రం! చదువుతాండాది" అంది నా చెవిలో.